ఖాళీ జాబితాకు ఒక వాక్యం

తాడు మీద ఒక పెట్టె జనాన్ని కొండెక్కిస్తుంది,
అదే తాడు మీద ఇంకో పెట్టె దించుతుంది.
వాల్పరైసో రేవు పైన, ఆ తాడు చివర,
టికెట్ల గదిలో నా కొలువు.
మనిషి వస్తాడు, నాణెం పెడతాడు,
నేను గేటు తిప్పుతాను.
పెట్టెకీ పెట్టెకీ మధ్య నాలుగు నిమిషాలు నావి.

ఆ నాలుగేసి నిమిషాలు కూడబెట్టి
ఈ చలికాలం ఒక వెబ్ యాప్ కడుతున్నాను.
పెద్దదేం కాదు. ఒక గడి, ఒక బటన్.
గడిలో ఎవరి యూజర్‌నేమ్ కొట్టినా
వాళ్ళు రాసి పెట్టుకున్న కోడ్ రిపాజిటరీలు
పేరుతో, చివరిసారి ముట్టుకున్న తేదీతో
వరసగా వచ్చి నిలబడాలి.

మొదటి వారం ఏదీ వచ్చి నిలబడలేదు.
జవాబు రాకముందే జాబితా పరిచేదాన్ని,
విస్తరి వేశాక బియ్యం కడిగినట్టు.
"వచ్చేదాకా ఆగమను దాన్ని" అన్నాడు
రాత్రి క్లాసులో బౌతిస్తా.
పాతికేళ్ళు లేవు, ఆగడం గురించి నాకు చెప్తాడు!
పదకొండేళ్ళుగా పెట్టె కోసం ఆగుతున్నదాన్ని.

తర్వాత సర్వరు అలిగింది.
గంటకు అరవై ప్రశ్నలే, ఆపైన తలుపు మూత.
నా గడి అక్షరం అక్షరానికీ పరుగెత్తి అడుగుతోందట,
రొసాల్బా అని నా పేరు కొట్టేసరికి
ఏడు ప్రశ్నలు ఖర్చు.
ఇప్పుడు నేర్పాను దానికి,
ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునేదాకా నోరు మూసుకోమని.

నిన్న పొగమంచు.
సముద్రం లేదు, క్రేన్లు లేవు,
కింది పెట్టె తాడు చివర వదంతిలా ఉంది.
ఎక్కేవాళ్ళు లేక పేర్లు కొడుతూ కూచున్నాను.
నావి మూడు. అందులో ఒకటి రొట్టెల పద్దు.
బౌతిస్తావి నూట పన్నెండు, వేలు నొప్పెట్టేదాకా జరపాలి.
అర్థం లేని అక్షరాలు కొడితే,
"ఈ పేరుతో ఎవరూ లేరు."
బాగుంది. అది సరైన జవాబే.

తర్వాత ఎవారిస్తో పేరు కొట్టాను.
పడవలకు రంగులేసే ఎవారిస్తో.
వెనక బల్ల. గోళ్ళ సందుల్లో ఎప్పటికీ వదలని నీలం.
అలల ఎత్తు చెప్పేదొకటి, చేపల ధర చెప్పేదొకటి,
నలభై దాకా కట్టానని చెప్పేవాడు,
మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.
మే నెల నుంచి రావడం లేదు.

పేరుంది. గుండ్రటి బొమ్మలో పసుపు పడవ ముక్కుంది.
కింద అంతా తెలుపు.
ఆ తెలుపులో నేనే రాసిన వాక్యం, నేనే పెట్టిన చుక్కతో సహా:
"ఈయన దగ్గర ఏమీ లేదు."

ముందు నవ్వొచ్చింది. అబ్బో, నలభై!
నవ్వు సగంలో ఉండగా గుర్తొచ్చింది,
బౌతిస్తా బోర్డు మీద గీసిన గీత.
మనకు కనబడేవి వాళ్ళు గడప బయట పెట్టినవే.
లోపల గడియ వేసుకున్నవాటిని
సర్వరు ఉన్నాయనీ అనదు, లేవనీ అనదు.

ఈ కిటికీలోంచి నాకూ అంతే కదా.
చేతులు కనబడతాయి, చిల్లర కనబడుతుంది,
సంచుల్లో ఉన్నదేదో సంచుల్లోనే దిగిపోతుంది.

చెరిపాను. రాశాను. చెరిపాను.
"దొరకలేదు" అంటే ఏదో పారేసుకున్నట్టుంది.
"ఇంకా లేవు" అంటే జాలి. అతను అడగలేదు.
మధ్యలో ఒక ముసలామె వచ్చి
నిన్నటి చిల్లర బాకీ అడిగి మరీ తీసుకుంది.
చివరికి ఇలా ఉంచాను:
"బయటికి కనిపించేవి ఏవీ లేవు."
నాలుగు మాటలు.
మూడు పెట్టెలు ఎక్కి దిగాయి వాటికి.

సేవ్ చేసి మళ్ళీ అతని పేరే కొట్టాను.
పసుపు పడవ ముక్కు. కింద ఆ వాక్యం.
గంట మోగింది.
మంచులో ముందు తాడు వణికింది.
పెట్టె వస్తోంది, లోపల ఎవరైనా ఉన్నారో లేదో
ఇక్కణ్ణుంచి తెలియదు.
లేచి గేటు దగ్గర నిలబడ్డాను.