ఎర్రదీపం లెక్క

లివియో తలుపు కొట్టేసరికి బోరా గాలి
మేడమెట్ల మీద ఎవరిదో చెప్పు దొర్లిస్తోంది.
"కాఫీ మిషను మూలుగుతోంది నివేస్, నీళ్లు దిగట్లేదు"
అన్నాడు, పశువుల డాక్టరు దగ్గరికొచ్చినవాడిలా.

నేను దర్జీదాన్ని. ట్రియెస్తె నాటకాలవాళ్లకు
నలభయ్యేళ్లు రాజుల అంగీలు కుట్టాను.
కాఫీతో నా పరిచయం తాగడం వరకే.
అయినా సూదులపెట్టె పట్టుకుని కిందికి దిగాను.

వంటగదిలో లైటార్పి
మిషనుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.
ఎర్రదీపం: రెండు మెరుపులు, చీకటి, ఇంకో మెరుపు.
"ఆగు, లెక్కపెట్టనీ."

ముప్పయ్యొక్కేళ్లు లైట్‌హౌస్ కాచినవాడు.
దీపం తనంతట తాను వెలగడం నేర్చుకున్నాక
ఇంటికి పంపేశారు.
ప్రతి దీపానికీ దాని నడక ఉంటుందట,
ఆ నడకను బట్టే పడవవాడు చీకట్లో ఊరిపేరు చెబుతాడట.
వేళ్లు మడిచి మూడుసార్లు చూసుకున్నాడు.
"ఇది మన తీరంలో లేదు" అన్నాడు,
కాస్త చిన్నబోయి.

అడుగున మరలకు కోడిగుడ్డు తలలు.
ఏ స్క్రూడ్రైవరూ పట్టదు. మనల్ని రానివ్వకూడదనే చేశారు.
పెన్ను గొట్టం స్టవ్ మీద మెత్తబడేదాకా కాచి
మర నెత్తిన అదిమి చల్లారనిచ్చాం.
అచ్చు దిగింది. తిప్పితే తిరిగింది.

లోపల సున్నం.
ఈ చుట్టుపక్కల కొండలన్నీ సున్నపురాయే.
వాన వాటిని తొలిచి తొలిచి
చర్చి పట్టేంత గుహలు చేసింది,
తొలిచిన పిండి తెచ్చి
లివియో గొట్టంలో దాచింది.

కాఫీ బిళ్లను పొడిచే ముల్లు సందులో
నా సన్నసూది పెట్టి కెలికాను,
గోటికింది మట్టిలా నల్లపొడి రాలింది.
నిమ్మఉప్పు నీళ్లు రెండుసార్లు పోశాం.
పంపు గాలి మింగి గుర్రుపెట్టింది.
అతనికి ఒక చెవి వినపడదు, అరచెయ్యి ఆనించి విన్నాడు.
నాకింకా గుర్రే వినిపిస్తుండగా
"పట్టింది" అన్నాడు.
ఆ తర్వాతే చుక్క. చాలాసేపటికి దార.

మొదటి కప్పు పులుపు. రెండోదీ పులుపే.
మూడోది కాఫీ.
బల్ల మీద ఒక స్ప్రింగు మిగిలింది,
దాని సంగతి ఇద్దరం ఎత్తలేదు.

దీపం పచ్చబడి కదలకుండా నిలిచింది.
"బాగైంది కదా" అన్నాను.
"బాగైంది" అన్నాడు, దానికేసే చూస్తూ.
"ఆరి వెలగని దీపం ఎవరింటిదైనా కావచ్చు.
దాన్ని నమ్మి ఎవడూ రేవు చేరడు."

కప్పు కడిగి
నాకింకొకటి పెట్టాడు.