రెండో దవడ

నిజానికి చేప తప్పేం లేదు.
లాంగాలాంగా నీళ్లలో, వెన్నెల లేని రాత్రి,
పడవ కొసన దీపం వేలాడదీస్తే
సూదిమూతి చేప ఎటు దూకుతుంది?
వెలుగు వైపే.
మధ్యలో ఇరోఫియాలా మెడ ఉంది.

తళతళలాడే ఒంటిని పట్టుకుని గట్టిగా లాగాడట.
ఒళ్లు చేతికొచ్చింది.
మూతి రాలేదు.

ఊళ్లో మూడు కుట్లు వేశారు.
పైన మానింది.
ఐదు వారాలకి, చెంచా కూడా దూరని నోటితో
ఔకీ ఆస్పత్రి మెట్లెక్కాడు,
చెవి కింద చీము, చేతిలో టోపీ.
వెనకాలే భార్య.
ఫీజు లేదన్నా నమ్మక,
చిప్పపూసల దండలో ఎన్ని మూరలు పోతాయోనని
వేళ్ల మీద లెక్కేసుకుంటూ.

ఎక్స్‌రేలో ఒకే ఒక్క గీత.
పెన్సిల్‌తో గీసి, మనసు మార్చుకుని చెరిపినట్టు.

డాక్టర్ సేరువాతూ ఫిజీ కొండల మనిషి.
చేపని పళ్లెంలో తప్ప చూసినవాడు కాదు.
కానీ చెయ్యి తెలిసిన చెయ్యి.
కనబడింది కదాని లాగలేదు.
ముందు పెద్ద నాళాన్ని వెతికి పట్టుకున్నాడు,
పైన ఒక టేపు, కింద ఒక టేపు,
బెదురు గుర్రానికి కళ్లెం వేసినట్టు.
ఆ తర్వాతే, వచ్చిన దారినే వెనక్కి,
పళ్లు కండకి తగులుకోకుండా,
మెల్లగా, ఇంకా మెల్లగా.

పచ్చటి ముక్క.
ఎముక పచ్చగా ఉండటమేమిటని ఆయన వింతపడ్డాడు.
నేను పడలేదు.

గోడ మీద నా పలక:
గాజుగుడ్డలు ఇరవై, సూదులు ఆరు, టేపులు రెండు.
లోపలికి వెళ్లిందల్లా బయటికి రావాలి.
ఇరవై మూడేళ్లుగా ఇదొక్కటే నా మతం.
"లెక్క సరిపోయిందా సిస్టర్? మూసేస్తాను."

సరిపోయింది.
అయినా నోట మాట రాలేదు.

మా నాన్న కోసి పారేసిన మూతులు ఏరుకుని
ఇసుకలో కూచుని టకటకలాడించేవాళ్లం,
అచ్చం ఇప్పుడు నా చేతిలో ఉన్న పటకారులా.

"డాక్టర్, నోటికి రెండు దవడలుంటాయి."

మత్తు యంత్రం ఒక్కటే ఊపిరి తీస్తోంది.
ఆయన నా వంక చూశాడు. ఫిల్మ్ వంక చూశాడు.
చిటికెనవేలు మళ్లీ గాయంలోకి దింపి,
కళ్లు మూసుకున్నాడు,
చీకట్లో వల చిక్కు విప్పేవాడిలా.

ఉంది.
మొదటిదాని నీడలో, దానికి వెన్నానించి పడుకుని.
అందుకే ఒక్క గీత.

పలక మీద సూదుల కింద రాశాను:
చేప మూతి, రెండు.
'వెళ్లినవి' గడిలో ఏం రాయాలో తెలియక
ఖాళీగా వదిలేశాను.

సీసాలోని ముక్కల్ని భార్య కిటికీ దగ్గర తిప్పితిప్పి చూసింది.
"నా పూసల బరమా కన్నా సన్నం," అంది,
పనివాడి మీద పనివాడికుండే ఈర్ష్యతో.

నాలుగో రోజు పొద్దున్నే
ఇరోఫియాలా ఆవలించాడు.
బారెడు.
వార్డంతా తిరిగి చూసింది.
ఆమె గబుక్కున వంగి
ఆ నోట్లోకి తొంగిచూసింది.

"ఇంకేం లేదులేవే," అన్నాడు.