పది గంటల పోటు

కోరంగి రేవు కచేరీ సామాను వేలంలో
ఎవరూ పాడని సరుకది.
రెండు మూరల నల్లచేవ కర్ర, నడుమ గాజు గొట్టం,
తల దగ్గర దంతపు పలక,
పలక మీద విక్టోరియా రాణి నాటి ఇంగ్లీషు.
మల్లాడి పోలయ్య సరంగు చంకనెత్తుకొచ్చి
మా మావయ్య కుంపటి పక్కన దించాడు.
"పాదరసం ఉందంట ఆచారిగారూ, తూకానికి తీసుకోండి."

మావయ్యకి పాదరసం కొత్త కాదు.
నలభై ఏళ్లు మకరతోరణాలకి బంగారు పూత పోస్తూ
దాని ఆవిరి పీల్చినవాడు.
చిగుళ్లు నీలం. చెయ్యి ఎప్పుడూ వణుకే.
ఆ చేత్తోనే గొట్టాన్ని మెల్లగా వాల్చి చెవి ఒగ్గాడు.
మెత్తగా తగిలింది, తడిగుడ్డ మీద గోలీ పడ్డట్టు.
"పైకి గాలి చేరింది. ఇది అబద్ధాలాడుతోంది."

తూకానికి కాదు, బాగుచేతకి ఉంచుకున్నాడు.
అడుగున తోలు తిత్తి చివికిపోయింది.
విప్పగానే రసం పేడ అలుకు మీద పూసలై పరుగెత్తింది,
నేను తమలపాకుతో కూడదీశాను.
డప్పులు కట్టే మోకా దావీదు
ఊదితే ఎగిరేంత పల్చటి మేకపిల్ల తోలిచ్చాడు.
తిరగేసిన గొట్టాన్ని సెగ మీద అంగుళం అంగుళం తిప్పుతూ
బుడగల్ని ఒక్కొక్కటే సాగనంపుతూ రెండు రాత్రులు.
మూడోనాడు వాల్చితే, టక్!
"అదీ! ఇప్పుడు పైన ఏమీ లేదు.
ఏమీ లేని చోటు కాస్త ఉంటేనే
ఇది నిజం చెప్పేది."

ఎలా చెబుతుందని అడిగాను.
బంగారం తూచే త్రాసు చేతికిచ్చాడు.
ఒక సిబ్బిలో ముప్పై అంగుళాల రసం,
రెండో సిబ్బిలో తాళ్లరేవు మీదున్న ఆకాశం మొత్తం.
అటు తగ్గితే ఇటు దిగాలి,
గురిగింజెత్తు తేడాని కూడా దాచుకోలేదు.
"గాలిమాటలంటాం గానీ పిచ్చిపిల్లా,
గాలంత బరువు ఇంకోటి లేదు.
దాని అడుగునే పుట్టాం కదా, తెలీదు.
మట్టగిడసని అడుగు, నీళ్లు బరువా అని."

దంతం మీది మాటలు మాకు అచ్చిరాలేదు.
ఫెయిర్ అన్ననాడు ముసురు,
రైన్ అన్ననాడు నెత్తి మాడే ఎండ.
మావయ్య వాటిని చదవనూ లేదు.
నెల్లాళ్లు, రాత్రిళ్లు కూడా లేచి,
కర్ర మీద సుద్దగీతలు పెట్టాడు.
పొద్దున్న పదింటికి ఎక్కుతుంది, నాలుగింటికి దిగుతుంది.
మళ్లీ రాత్రి పది. మళ్లీ తెల్లవారుజాము నాలుగు.
"ఓసి దీని దుంపతెగ!
ఆకాశానికీ పోటూ పాటూ ఉన్నాయే!"
పోలయ్య ఆశ్చర్యపోలేదు.
"ఏటి మొగకి ఉన్నప్పుడు దానికెందుకుండవండీ?"

దీపావళి ముందటి బుధవారం.
గాలి లేదు. ఆరేసిన చీర కదల్లేదు.
పదయింది. రసం ఎక్కలేదు.
మావయ్య గాజుని వేలితో తట్టాడు,
ఎక్కకపోగా దిగింది.
పదకొండుకి ఇంకో గీత.
వణికే వేలు. వణకని రసం.
"రేవుకెళ్లు" అన్నాడు.

రేవులో నవ్వారు. గాలి కబురన్నారు.
గాలి కబురే, నేను మాత్రం కాదన్నానా?
పోలయ్య ఒక్కడే మాట్లాడకుండా
తన బోటుని మడ అడవిలోకి, కాలవ లోపలికి లాగించి
మోకు మీద మోకు వేశాడు. ఇంకో మూడు బోట్లు అతని వెనకాల.
వెళ్లని వాటి పేర్లు నాకు వరసగా వచ్చు.
చెప్పను.

ఆ రాత్రి కప్పు లేచిపోయాక
లాంతరు వెలుగులో మావయ్య చీర్ణంతో
రసం ఆగిన చోట గంటు పెట్టాడు.
వంకర గంటు. చెయ్యి అలాంటిది.

ఇప్పుడు కుంపటి నాది.
ఫోనులో తుపాను రంగురంగుల సుడిగా తిరుగుతుంది, పేరుతో సహా.
చూస్తాను, అందరిలాగే.
కానీ పదింటికి గాజు తట్టి
ఆ కాస్తా ఎక్కిందాకా
నిప్పు ఊదను.