పన్నెండు పాయింటు ఎంతో

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
కాయలు ఏరే వెంగమ్మ కూతురు పెంచలమ్మ
పక్క లైనులోకి వస్తే
ముందు పులుపు వాసన వచ్చేది.
చేతులనిండా ముళ్ల గీతలు.
నాకు స్పైకులు.
ఆమెకు బొటనవేలికి చుట్టిన ప్లాస్టరు.

"ఏందిమే, బయంగా ఉండాదా?" అనేది
తుపాకీ పేలేలోపు.
పేలాక నాకు కనిపించేది
రెండు మడమలు, ఒక జడ,
వీపు మీద పిన్నీసులతో గుచ్చిన నెంబరు.
అదీ కాసేపే.

నెల్లూరు స్టేడియంలో జిల్లా పోటీల నాడు
దారం ఆమె రొమ్ముకే తెగింది.
ఆమె టైము పట్టిన మాస్టరు
గడియారం విదిలించి, చెవి దగ్గర పెట్టుకుని
"బ్యాటరీ పోయిందమ్మా" అన్నాడు.
నా గడియారం బాగానే ఉంది:
పన్నెండు పాయింటు తొమ్మిది.
పుస్తకంలో ఆమె పేరు పక్కన
అడ్డగీత.
గుంటూరు సెలక్షనుకి టైము కావాలంట.
గీతని ఎవరు పంపుతారు?

సార్, ఆమెకీ నాకూ నడుమ రెండు బారలుంది,
లెక్కేసుకోండి
అనొచ్చు నేను.
లేసులు విప్పుకుంటా కూచున్నాను.

మరుసటేడు తుఫాను.
గ్రౌండులో పిక్కల్లోతు నీళ్లు, పోటీలు జనవరికి పోయాయి.
జనవరికి ఆమె వయసు పదకొండు రోజులు దాటింది,
బళ్లో చేర్చుకున్న అయ్యవారు
నోటికొచ్చి వేసిన తేదీ ప్రకారం.
"పెన్నకి నీళ్లొచ్చిన నెల్లో కన్నాను సారూ" అని వెంగమ్మ
టేబులు టేబులుకీ తిరిగింది.
పెన్న ఏ సర్టిఫికెట్టు మీద సంతకం పెడుతుంది?

గూడూరు మీట్‌లో
డెబ్బై మీటర్ల దాకా ఆ వీపే.
ఉన్నట్టుండి తొడ పట్టుకుని కూలబడింది.
పక్కనుంచి పోయాను.
ఆగలేదు, తల తిప్పలేదు.
మా ఇంట్లో గాజు బీరువాలో వేలాడే పసుపు రంగు పతకం
అదే.

నిన్న తెల్లారి స్టేడియం గేటు దగ్గర
ఎవరో పిలిచారు. తిరక్కముందే
వాసన గుర్తుపట్టాను.
కూలి డబ్బులతో ట్రంకురోడ్డులో కొన్నదంట,
కొత్త గడియారం. నా చేతిలో పెట్టి
"నువ్వు పడతావా మే? నీకైతే
నా పరుగు తెలుసు" అంది.

ఇంకో బ్యాటరీ
రుమాలు కొసన ముడేసి ఉంది.

గీత దగ్గర వంగింది.
ఈసారి నేను చివర నిలబడ్డాను,
ఆమె ముఖం వచ్చే వైపు.
బొటనవేలు మీట మీద
వణుకుతా ఉండాది.