గాజుపెంకు

తొలివాన పడి రెండు దినాలైంది.
తుగ్గలి పొలాల్లో మనుషులంతా
తలకాయలు వంచుకుని నడుస్తాండారు,
ఎవరికో మొక్కుతున్నట్టు.
మనమూ వచ్చినాం మద్దమ్మక్కా,
సద్దిమూట ఒకటి, నీళ్ల బాటిల్ ఒకటి,
మధ్యలో ఏడేండ్లు.

వెదకడం నాకు కొత్త కాదు.
నీ కూతురి పెండ్లిలో కమ్మ కనబడకపోతే
అందరి ముందరా నా సంచి కుమ్మరించినావు చూడు,
ఆ పొద్దు నుంచీ వెదుకుతానే ఉండా.
రవిక, దువ్వెన, బస్సు టికెట్టు, సగం తిన్న బూందీ లడ్డు
చాప మీద పడినాయి. కమ్మ పడలేదు.
"యాడ దాచిపెట్టినావే సుంకీ" అన్నావు.
యాడన్నా చూసినావా అనలేదు.

నాలుగోనాడు బియ్యం డ్రమ్ములో దొరికిందంట.
నువ్వు చెప్పలేదు. చిన్నమామ చెప్పినాడు,
పత్తికొండ బస్టాండులో, బీడీ ముట్టించుకుంటా.

మాట పల్లేరుకాయ కాదక్కా, పీకి పారేసేదానికి.
నేను కుంటింది ఎవరికీ కనపడలేదు.
ఎవరింటికి పోయినా గడప కాడనే కూచున్యా,
చేతులు రెండూ ఒళ్లో
అందరికీ కనబడేట్టు పెట్టుకుని.

"తప్పైందే."
మూడక్షరాలు. వాటికోసం కాచుకున్యా.
నువ్వేమో ఉగాదికి ఓలిగలు పంపినావు,
బుడ్డల రేటు అడిగేదానికి ఫోన్ చేసినావు,
మోకాళ్ల నొప్పికి ఏ మందు మంచిదంటివి.

ఇప్పుడు నీ కంట్లో పొర.
ఎర్రమన్నులో నుంచి ఏదో తీసి, కొంగుతో తుడిచి,
ఎండకు పట్టి, చూపు ఆనక,
నా అరచేతిలో పెట్టినావు.
"మెరుస్తాందే. ఇదే అయ్యుంటాది.
నీ కాడ పెట్టుకో, నేనైతే యాడన్నా పారేసుకుంటా"
అని తుమ్మచెట్టు కిందికి పోయినావు,
ఒక్కసారన్నా ఎనిక్కి తిరక్కుండా.

నా కాడ.
లక్షలు చేసే రాయనుకుని, నా కాడ.

అది సోడాబుడ్డి పెంకు. చూస్తానే తెలిసింది.
ఎన్ని వానల్లో దొర్లిందో, అంచు అరిగిపోయి
వేలు పెట్టి రుద్దినా తెగలేదు.

చెప్పాల. సద్ది తిన్నాక చెప్తా.
నువ్వు నవ్వుతావు,
మన మొగాలకు వజ్రాలొకటి అంటావు.
ఆ మూడక్షరాలు ఈ పొద్దూ అనవు.
ఎంత మానిందో నాకూ తెలీదు,
మబ్బు పట్టిన నాడు సలుపుతాదేమో.

జొన్నరొట్టె తుంచి ఇస్తా ఇస్తా
ఇప్పుడే చూసుకున్యా,
నా చేతులు ఒళ్లో లేవు.
ఒకటి నీ దిక్కు చాచి ఉండాది.
ఇంకొకటి,
గాజుపెంకు జారిపోకుండా
కొంగుముడిని గట్టిగా పట్టుకోనుండాది.