సముద్ర మట్టం

కె.ఆర్.పురం స్టేషన్ బోర్డు మీద రాసుంటుంది,
సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల పైన అని.
తొమ్మిది వందల చిల్లర.
ఆ పైన ఇంకో మూడంతస్తులు మా ఇల్లు.
ఊరందరి లిఫ్టులూ బాగుచేసే నాకు
మా బిల్డింగులో లిఫ్టు లేదు.
ఉప్పు బకెట్ భుజానెత్తుకుని ఎక్కాను,
మలుపు మలుపుకీ దించి, ఊపిరి పీల్చుకుని.

అరవై లీటర్లు.
లీటరుకి ముప్ఫై ఐదు గ్రాములు.
మాది కదిరి. నీళ్ళంటే బిందెల లెక్క తెలుసు గానీ
సముద్రం లెక్క తెలీదు.
ట్యాంకరు నీళ్ళు వడకట్టి, మళ్ళీ వడకట్టి,
అందులో ఇంకేమీ లేదని మీటరు సున్నా చూపించాక
ఉప్పు కలిపాను.
చంద్రకళ వచ్చి, చారు రుచి చూసినట్టు
అరచేతిలో చుక్క వేసుకుని నాలిక్కి తగిలించి
మొహం చిట్లించి, "సరిపోయింది" అంది.
గొట్టం కంటికి ఆనించి వెలుగుకేసి చూస్తే
నీలి గీత కూడా అక్కడే ఆగింది.

"నెల్లాళ్ళు చేప మాటెత్తొద్దు"
అన్నాడు శివాజీనగర్ ఇంతియాజ్ భాయ్, కోలారు తెలుగులో.
"ఖాళీ తొట్టినే చూస్తా కూచో సామీ.
కంటికి కనపడని పురుగులు కాపురం పెట్టాల ముందు."
కూచున్నాను.
రాళ్ళు. ఇసుక. మోటారు గొణుగుడు.
మూడో వారం గోధుమరంగు పాచి పట్టి
ఎవరో ఇసుక మీద కాఫీ ఒలకబోసినట్టయింది.
కింది ఫ్లాటు శంకరప్పగారు వచ్చి
చేపల్లేని చేపలతొట్టిని చాలాసేపు చూసి
మర్యాదకి "చెన్నాగిదె" అని వెళ్ళిపోయారు.

తర్వాత వచ్చాయి
తెల్ల పట్టీల నారింజ చేపలు రెండు,
గోళీకాయంత నత్తలు ఐదు, ఒక ఎర్ర రొయ్య,
రూపాయి బిళ్ళంత రాతి మీద పగడం.
పగడమంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టే రాయనుకున్నాను ఇన్నాళ్ళూ.
దానికి నోరుందట. ఆకలేస్తుందట.

రోజూ వేలి మందం మట్టం తగ్గుతుంది.
తగ్గింది ఉప్పునీళ్ళే కదా అని ఉప్పునీళ్ళే పోశాను మొదట్లో.
రెండు నత్తలు పోయాక తెలిసింది:
ఆవిరయ్యేది నీళ్ళే,
ఉప్పు ఎక్కడికీ పోదు.
ఇప్పుడు పొద్దున్నే చెంబెడు మంచినీళ్ళు,
గీత గీసిన చోటు దాకా. అంతే.
చంద్రకళతో మాటా మాటా పెరిగిన రాత్రి తెల్లారి కూడా
ముందు ఆ చెంబెడూ పోసి
తర్వాతే నోరు తెరుస్తాను.

శ్రావణంలో ఒకరోజు రొయ్య చచ్చి పడుంది,
వెల్లకిలా, అద్దంలా, మీసాలతో సహా.
కాగితంలో చుట్టి కరివేపాకు కుండీలో పూడ్చాను.
భాయ్‌కి ఫోన్ చేస్తే నా గొంతు నాకే వింతగా ఉంది.
"రాయెనక చూసినావా?" అని నవ్వాడాయన.
చూశాను.
మెత్తటి కొత్త ఒంటితో నక్కి ఉంది.
నేను పూడ్చింది దాని చొక్కాని.

ఆ వారమే వాన. ఒంటిగంట రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.
మోటారు ఆగితే అలలాగుతాయి, అలలాగితే ఊపిరి.
పాయసం అడుగంటకుండా కలిపినట్టు
వంతులేసుకుని గరిటెతో తిప్పాం ఇద్దరం.
తన అలలు చిన్నవి, లెక్కగా వచ్చేవి.
నావి గట్టు మీదికి చిందేవి.
"నిజం సముద్రం ఎప్పుడైనా చూశావా?" అంది చీకట్లో.
"లేదు."
"నేనూ లేదు."
కాసేపు గరిటె చప్పుడే.
"మరి ఇది సరిగ్గా ఉందని ఎట్లా తెలుస్తుంది మనకి?"

ఐదింటికి కరెంటొచ్చింది.
పగడం నోళ్ళన్నీ మూసుకునే ఉన్నాయి.
ఎనిమిది దాటాక ఒకటి, చొక్కా గుండీ అంత,
విచ్చుకోవాలా వద్దా అన్నట్టు.
అప్పుడే ఫోను. మాగడి రోడ్డులో ఒక లిఫ్టు
నేల మట్టానికి నాలుగంగుళాల పైన ఆగుతోందట.

ఆగనీ.
గీత దాకా పోసి వస్తాను.