పోయిన సామాను: లంగరు, ఒకటి

సోమశిల రేవుకాడ మత్స్య సొసైటీ పుస్తకంల
వరస నింపుతున్న:
పోయిన సామాను. లంగరు. ఒకటి. ఇనుపది.
"పోయిన" అన్నకాడ పెన్ను ఆగింది.

ఇరవై కిలోల ఇనుము, నాలుగు కొండ్లు.
కార్తీకంల తాడు తెగి పడ్డది.
ఖాసీం నాలుగు మునకలేసిండు, దొరకలే.
"పడ్డకాడ ఉండుడే దాని పని మేడం,
మనం పిలిస్తె ఎందుకొస్తది" అన్నడు తల తుడుసుకుంట.

మా దిక్కు సముద్రం సూసినోళ్లు తక్కువ.
బొంబాయిల మన్ను మోసొచ్చిన తిర్పతయ్యనడిగితే
"సెర్వే, అవతలి కట్ట కట్టుడు మర్సిండ్రు" అంటడు.
మరి సముద్రపు మాట మా నోట్లకెట్లొచ్చె?

ఫారసీ ఓడల మీద వచ్చిందట.
ఏ రేవుల దిగిందో, ఎవని మూటల దాసుకున్నదో,
గుర్రాల బేరగాని ఎంబడి నడిసిందో,
సిపాయి తిట్లల్ల కలిసిందో,
కాళ్లు కాయలు గాసినంక కృష్ణ ఒడ్డున కూసున్నది.
అంతకు ముందు మా తాత "రాయెయ్" అనేటోడు.
అంతే. పుట్టి ఆగేది.

గంత దూరం నడిసొచ్చిన మాట ఒక్క పనితోని ఊకుంటదా?
ఉర్సు నాడు దర్గ ముంగట దేగులు దిగినంక
"లంగరు పెడుతున్నరు, తినిపో బిడ్డా" అన్నదొక ముసలామె.
ఏడి అన్నం, ఇంత పప్పు, ఆకు దొప్ప.
ఆకలికి మనిషి కొట్టుకపోకుండ
పట్టుకునేది గుడ లంగరే కావచ్చు.
అల్లుడొచ్చి పదిహేను దినాలైన కదలకుంటే
మా అత్త తలుపు సాటునుంచి
"లంగరేసిండు" అంటది. గది ఇంకో లంగరు.

కొల్లాపురం లైబ్రరీల సగం చెదలు తిన్న నిఘంటువున్నది.
లాంగలం అంటే నాగలి అని రాసి ఉన్నది దాంట్ల.
ఫారసీ లంగరు, మన నాగలి
ఒక్క తల్లి పిల్లలంటరు కొందరు, కాదంటరు కొందరు.
అంచుమీద ఎవలో పెన్సిలుతోని
ప్రశ్న గుర్తు పెట్టి పోయిండ్రు.
నాకది నచ్చింది.
గది గుడ కొండి లెక్కనే వంగి ఉన్నది.

మే నెల. నీళ్లు ఎనుకకు పోయినయి.
మునిగిన చెలకలు నెర్రెలిచ్చుకుంట తేలినయి.
పరిహారమిచ్చి సర్కారు తీసుకున్న భూమే,
అయినా ఎవలి గెట్టు వాళ్లకు యాదికున్నది.
ఈదమ్మ ఎడ్లను కిరాయికి తెచ్చి
పదును ఆరకముందే నాగలి కట్టింది.
మూడో సాలుల ఎడ్లు మోకాళ్ల మీదికొచ్చినయి.

తవ్వితే లంగరు.
నాలుగు కొండ్లల్ల ఒకటి
నాగలి కర్రును పెనేసుకొని పట్టింది,
యాడాదికొక్కపారి కలిసే అక్కసెల్లెండ్ల తీరు.
"పెద్దబాయి కాడి చెలక ఇది, మా మామ దున్నిన చెలక.
ఈడ దిగనీకె ఎవలనడిగింది?"
ఈదమ్మ నవ్వలే.
ఖాసీం ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు గుంజిండ్రు.
ఎండ నెత్తి మీదికొచ్చినా ఇడవలే.
ఆఖరుకు మన్నే కూలి, రెంటినీ ఇడిసింది.

"పోయిన" కొట్టేసి "దొరికిన" రాసిన.
ఎక్కడ అన్న గడి ఖాళీగున్నది.
నీళ్లల్ల అందునా, చెలకల అందునా?
"రెండూ రాయి" అన్నది ఈదమ్మ,
"శ్రావణానికి నీళ్లొస్తయి, అప్పుడు దిద్దుకుందువు.
మల్ల ఆరు నెలల కిరాయి గుడ రాయి,
నా భూమిల పండుకున్నది గద."

కిరాయికి గడి లేదు పుస్తకంల.
కర్రు మాత్రం వంగింది.
ఖర్చు: కమ్మరి కొలిమిల కర్రు సాగగొట్టుడు, నూటయాభై.
కారణం: లంగరు తగిలి.